పందొమ్మిదిసార్లు అమ్మిన పొట్టేలు

చెత్తబుట్టల మూతలు ఊదా రంగువి కొనాలా, పసుపు రంగువి కొనాలా అన్నది ఇంకా తేలలేదు. అది నాలుగో అంశం. గోడ గడియారం నాలుగు చూపిస్తోంది, ఈ లెక్కన ఏడో అంశం దగ్గరికి వచ్చేసరికి అయిదవుతుంది, అంతదాకా ఎల్సీ తల కదపకుండా మేయరు కుర్చీలో కూర్చోవాలి. తల కదపకుండా కూర్చోవడం ఆమెకు కష్టమేమీ కాదు, సంతలో నలభై ఏళ్లు సాధన చేసిన విద్య అది. కష్టమల్లా ఎదురుగా చూడటమే. ఎదురుగా, జనం కూర్చునే కుర్చీల్లో, మామూలుగా ఇద్దరు ముగ్గురు కూడా ఉండని చోట ఇవాళ ముప్పై మంది ఉన్నారు, టోపీలు తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నారు, టోపీ కింద ఎండ తగలని నుదుళ్లు తెల్లగా, కింద ముఖాలు ఇటుక రంగులో, ఒక్కొక్కరినీ ఆమె పేరుపెట్టి పిలవగలదు, వాళ్ల కుక్కల పేర్లు కూడా చెప్పగలదు. వాళ్లు మూతల కోసం రాలేదు. ఏడో అంశం కోసం వచ్చారు. కాగితం మీద అది ఒక్క ముక్క: కరంబీల్ గొర్రెల సంతను శాశ్వతంగా మూసివేయుట. సభ్యులు ఏడుగురు, ముగ్గురు మూసేద్దామంటున్నారు, ముగ్గురు వద్దంటున్నారు, ఎవరు ఎటో బేకరీలో అడిగినా చెబుతారు. అధ్యక్ష స్థానంలో ఉన్నవాళ్లు ఆఖరున ఓటు వేయడం ఇక్కడి ఆనవాయితీ. ఆ ఏడో ఓటు ఎల్సీది. అది ఎటో ఆమె ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా పూర్తిగా చెప్పుకోలేదు.

గాజు సీసాల బుట్టకు ఊదా మూత పెడితే ముసలివాళ్లు తికమకపడరంటున్నాడు ఒక సభ్యుడు, ఆయనకు డెబ్బై రెండేళ్లు, ముసలివాళ్లంటే ఎవరనుకుంటున్నాడో. బల్లకు రాసిన మెరుగు వాసన. ఎల్సీ తుమ్ము ఆపుకుంటున్నట్టు అరచేయి ముక్కు దగ్గరికి తెచ్చుకుంది, నిన్న పట్టుకున్న కర్రల వాసన ఇంకా ఉంది, సబ్బుతో రెండుసార్లు కడిగినా పోలేదు, ఉన్ని జిడ్డు, పెంటికలు, పాత తారు. ఎన్ని లక్షల గొర్రెలు ఒరుసుకుపోతే ఆ దొడ్ల కర్రలు అంత నున్నగా అయ్యాయో. పైకి నున్నగా ఉన్నాయి, లోపల పుచ్చిపోయాయి, బొటనవేలితో నొక్కితే దిగబడింది. నిన్న ఎవరికీ చెప్పకుండా వెళ్లింది, సంత లేని రోజు, గేటు గొలుసు తీసి ఒక్కో దొడ్డీ చూసుకుంటూ నడిచింది, బాగుచేయించవచ్చు అనిపిస్తుందేమోనని, అనిపిస్తే బాగుండునని. ఒక కర్ర లాగితే పక్క కర్ర కూడా ఊడి చేతికొచ్చింది. లారీలోకి గొర్రెలను ఎక్కించే చెక్కల వాలుకు పసుపు రిబ్బను కట్టి ఉంది, పోయిన జులైలో బ్రెండన్ కాలు దిగబడింది అక్కడే, పలక విరిగి తొడదాకా, వెనక గొర్రెలు ఆగకుండా వచ్చి మీద పడ్డాయి, ఎముక రెండు చోట్ల విరిగింది. లారీ తోలుకుని బతికేవాడు, ఇద్దరు చిన్నపిల్లల తండ్రి, ఇప్పటికీ చేతికర్ర వదల్లేదు. ఆసుపత్రిలో చూడబోతే, "తప్పు నాదేలే ఎల్సీ, ఆ పలక పుచ్చిందని తెలిసి కూడా కాలేశాను" అన్నాడు. ఇక్కడి మనుషుల తీరే అంత, కాలు విరగ్గొట్టుకుని మరీ సంతను వెనకేసుకొస్తారు. పోయిన సంతకు వచ్చినవి రెండొందల నలభై గొర్రెలు, కొనడానికి వచ్చినవాళ్లు ముగ్గురు, అందులో ఒకడు టీ కోసం వచ్చాడు. ఒకప్పుడు ఒక్క రోజులో పదివేలు దిగేవి. ఇప్పుడందరూ గంట దూరంలోని పెద్ద సంతకు తోలుకుపోతున్నారు, లేదంటే ఇంట్లో కూర్చుని ఫోనులో బొమ్మ చూసి కొనేస్తున్నారు. ఇంత తెలిసీ ఓటు గొంతులో ఎందుకు అడ్డంపడుతోంది? పడదా మరి. ఆ సంతే లేకపోతే ఎల్సీ ఇవాళ ఈ ఊళ్లోనే ఉండేది కాదు. ఇందాక గుమ్మం దగ్గర గ్లెనిస్ ఆపింది, ముప్పై ఏళ్లుగా సంత క్యాంటీన్ నడుపుతున్న గ్లెనిస్, చెయ్యి పట్టుకుని, "నీ పొట్టేలు ఎక్కడ అమ్ముడుపోయిందో గుర్తుందా?" అంది. గుర్తుందే అంది ఎల్సీ. "అయితే చాల్లే" అని లోపలికి వెళ్లి మొదటి వరసలో కూర్చుంది, కూర్చున్న దగ్గర్నుంచీ ఇటు చూడటం లేదు.

తల కదపొద్దు, అన్నాడు డంకన్. అది మొదటి మాట, సంతలో అడుగుపెట్టగానే మొగుడు చెప్పిన మొదటి మాట, అప్పటికి పెళ్లయి రెండు వారాలు. ఎల్సీ సముద్రం పక్క ఊళ్లో పోస్టుమాస్టరు కూతురు, గొర్రెకు మూతి ఎటో తోక ఎటో తెలుసు, అంతే. ఇక్కడ వేలంలో ఎవరూ నోరు తెరిచి పాట పాడరు, గడ్డం అర అంగుళం దించితే పాట, కనుబొమ్మ ఎగరేస్తే పాట, కొందరైతే ఏం చేస్తారో వాళ్లకూ మెర్విన్‌కూ తప్ప దేవుడికి కూడా తెలియదు. మెర్విన్ హాలరన్ అప్పుడు నిటారుగా ఉండేవాడు, దొడ్ల మీదుగా వేసిన పలక మీద నడుస్తూ, చేతిలో చుట్టిన కాగితంతో, వేలం వేస్తుంటే ఆ గొంతు ఆగకుండా పారేది. ఎల్సీ ముక్కు మీద ఈగ వాలింది. ఊదింది, పోలేదు. చేత్తో తోలడం తప్పేమోనని చెయ్యి కదపలేదు, తల విదిలించింది. కాగితం టప్‌మని అరచేతిలో పడింది, మూడోసారి అయిపోయింది, పళ్లూడిన పదకొండు ముసలి గొర్రెలు ఆమెవైపోయాయి. మెర్విన్ పలక మీద నుంచి వంగి చూశాడు. "ఈగకా అమ్మాయ్, గొర్రెలకా?" జనం ఘొల్లుమన్నారు. ఈగకే అంటే వదిలేసేవాడు, వెక్కిరింపుగా కాదు, దారి చూపిస్తూ అడిగాడని ఆమెకు తర్వాత తెలిసింది. ఆ వేళ మాత్రం మొహం ఎర్రబడి, పోస్టుమాస్టరు పరువంతా తన మీదే ఉన్నట్టు, "గొర్రెలకే" అంది. డంకన్ ఇంటిదారి సగంలో లారీ పక్కకు ఆపి, స్టీరింగు మీద తల ఆనించి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వు కోసం ఇంకో పదకొండు కొనేది.

మెర్విన్ అదిగో, మూడో వరసలో చివర, కిటికీ పక్కన. ఎనభై వచ్చాయి, భుజాలు వంగాయి, ఇవాళ సంత లేకపోయినా చేతిలో కాగితం చుట్ట ఉంది, సభ కాగితాన్నే చుట్టేశాడు. మనిషి ఎంత మెతకో, పనిలో అంత గట్టి. వేలం వేసేవాడు తన వేలంలో తాను కొనకూడదు, అది ఇక్కడి కట్టడి, కొన్నాడంటే ఇక వాడి నోటి మీద ఎవడికీ నమ్మకం ఉండదు. ఒకసారి బూడిద రంగు పొట్టి గుర్రం వచ్చింది, మెర్విన్ కూతురు తొమ్మిదేళ్ల పిల్ల దాని మెడ వదలదు, నాన్నా నాన్నా అంటోంది, అందరూ చూస్తున్నారు, మెర్విన్ ఆ గుర్రాన్ని వేలం వేసి పరాయివాడికి అమ్మేశాడు. "నా గొంతు నా కోసం కాదు" అన్నాడు తర్వాత క్యాంటీన్‌లో, టీ తాగకుండా. కూతురు నెల్లాళ్లు మాట్లాడలేదట.

మూతల సంగతి తేలింది, ఊదా. అయిదో అంశం మురుగుకాలువ. గడియారం ముల్లు సాగదు, సాగితే ఏడో అంశం వచ్చేస్తుంది, రెండూ భయమే. కిటికీలోంచి ఆకాశం, ఇక్కడి ఎండాకాలం దాటి ఏప్రిల్ వచ్చినా చుక్క వాన లేదు, నడి ఎండల ఫిబ్రవరిలో ఎలా ఉందో అలాగే ఉంది. ఫిబ్రవరి. ముప్పై ఏడేళ్లయింది, అయినా ఆ నెల పేరు వింటే ముక్కుకు పొగ తగులుతుంది. పిడుగు పడి మంట లేచింది, మధ్యాహ్నం రెండింటికి కొండ మీద, మూడింటికి ఇంటి వెనక. వాళ్లిద్దరూ నీళ్లతొట్టిలో మెడదాకా దిగి తడి దుప్పటి కప్పుకుని కూర్చున్నారు, అది దాటిపోవడానికి పావుగంట పట్టిందట, ఎల్సీకి మాత్రం అందులో ఒక్క నిమిషమే గుర్తుంది, డంకన్ ఆమె చెయ్యి నొక్కుతున్న నిమిషం. బయటికి వస్తే ఇల్లు లేదు, కంచె లేదు, తొమ్మిదొందల గొర్రెల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, వీపు మీద ఉన్ని మాడి, చెవులు ముడుచుకుని, బూడిదలో నిలబడి అరుస్తోంది. పొట్టేలు. గొర్రె ఒంటరిగా బతకదు, మంద లేకపోతే మేత ముట్టదు, అరిచి అరిచి చస్తుంది. బుధవారం వచ్చింది, బుధవారమంటే సంత, కాళ్లకు ఇంకో దారి తెలియదు, ఆ ఒక్కదాన్నీ ఎక్కించుకుని వెళ్లారు, ఎవరి మందలోనైనా కలిస్తే బతుకుతుందని, అంతే, ఇంకే ఆశా లేదు. ఆ తర్వాత ఊరు విడిచి సముద్రం పక్కకు పోదామని అప్పటికే అనుకున్నారు.

మెర్విన్ దాన్ని ఒక్కదాన్నే పెద్ద దొడ్డిలో నిలబెట్టాడు. ఏ దొడ్డిలో ఎన్నున్నాయో గట్టిగా చెప్పే మనిషి ఆ వేళ గొంతు తగ్గించి, "డంకన్‌ది, ఎల్సీది, ఒకటి" అన్నాడు. గ్లెనిస్ తండ్రి ఆల్బీ ట్రెవిన్ గడ్డం దించాడు. మూడోసారి. కొన్నవాడు తన రంగుకడ్డీతో గొర్రె వీపు మీద గీత గీసుకోవాలి, తనదని గుర్తు, ఆల్బీది ఎరుపు, మాడిన ఉన్ని మీద ఎర్ర గీత గీసి నిలబడి, "ఇది నాకెందుకు, మళ్లీ అమ్ము" అన్నాడు. మళ్లీ అమ్మాడు. రెండోవాడు నీలం గీత గీసి మళ్లీ అమ్మమన్నాడు. పొలం గట్టు దగ్గర తగాదాపడి తొమ్మిదేళ్లు మాట్లాడుకోని హెక్టర్, రాస్ అన్నదమ్ములు ఒకరి మీద ఒకరు పంతానికి పాడుకున్నారు, ఇద్దరూ చెరోసారి కొన్నారు. కాఫీ హోటలు కాన్ మరినోస్‌కు జానెడు భూమి లేదు, జన్మలో గొర్రెను కొని ఎరగడు, రంగుకడ్డీ లేక క్యాంటీన్‌లోంచి టమాటా సాస్ సీసా తెచ్చి చుక్క పెట్టాడు, జనం నవ్వారు, నవ్వుతూనే ముక్కులు చీదారు. అలా పందొమ్మిదిసార్లు. ప్రతిసారీ మెర్విన్ కొన్నవాడి పేరు గట్టిగా చెప్పాడు, పందొమ్మిదోసారి మాత్రం పేరు చెప్పలేదు, కాగితం టప్‌మంది, "అయిపోయింది, దీన్ని ఎల్సీ లారీలో ఎక్కించండి" అన్నాడు, అంతే. ఆల్బీ రెండు ముసలి గొర్రెలను తోడిచ్చాడు, ఒంటరిగా ఉండలేదని. పందొమ్మిదిసార్ల సొమ్మూ డంకన్‌కూ ఎల్సీకే ఇచ్చారు, దానితోనే కొత్త కంచె లేచింది, కొత్త మంద వచ్చింది, సముద్రం పక్కకు పోలేదు.

పొట్టేలుకు పందొమ్మిది అనే పేరు పెట్టారు. పదకొండేళ్లు బతికింది, గుమ్మం ముందు పూలన్నీ తినేసి, పోస్టు తెచ్చేవాడిని పొడిచి, రాజాలా బతికింది. వీపు మీది గీతలు ఎల్సీ ఆ వేళే లెక్కపెట్టింది, సాస్ చుక్కతో కలిపి పద్దెనిమిది. పందొమ్మిదోది లేదు. ఎవరది? మెర్విన్‌ను అడిగితే, "రోజుకి పదివేలు అమ్మేవాణ్ణి, నాకేం గుర్తుంటుందమ్మా" అన్నాడు, ఇరవై ఏళ్ల నాటి పొట్టేలుకు గుర్తుగా వేసిన చెవికోత ఎటువైపో చెప్పగల మనిషి. తరువాతి బుధవారం ఆమె కేకులు చేసుకుని సంతకు వెళ్లింది, ఒక్కొక్కరికీ పేరుపేరునా థాంక్స్ చెబుదామని. మొదట ఆల్బీ. ఆమె నోరు తెరవగానే ఆల్బీ ఆకాశం వంక తిరిగి, "పడమటేదో మబ్బేసినట్టుంది, వానొస్తుందంటావా?" అన్నాడు. మండుటెండ. హెక్టర్ అంతే, కాన్ అంతే. ఇక్కడి మగవాళ్లకు థాంక్స్ చెప్పి చూడండి, వాన గురించి మాట్లాడతారు. కేకులు తిన్నారు, థాంక్స్ ఒక్కడూ తీసుకోలేదు. ముప్పై ఏడేళ్లుగా అది ఆమె దగ్గరే ఉండిపోయింది. గిన్నెలు తోముతూ ఆ పేర్లు వరసగా చెప్పుకుంటుంది, జపంలాగా, ఇప్పటికి పదకొండుమంది పోయారు, డంకన్ పోయి ఆరేళ్లు, అయినా వరస తప్పలేదు.

అలాంటి చోటు గేటుకు ఆమె చేత్తో తాళం వేయాలా? వేస్తే గ్లెనిస్ ముఖం ఎలా చూడాలి? ఆరో అంశం, రోడ్డు పేరు మార్పు, ఎవరూ ఏమీ అనలేదు, అయిపోతోంది, అయ్యో అయిపోతోంది. పొట్టేలు పందొమ్మిది ఆఖరి నెల గుర్తొచ్చింది. వెనక కాళ్లు పడిపోయాయి, లేవలేదు, ఎల్సీ గోనెసంచులు పరిచి చేత్తో మేత పెట్టింది, నీళ్లు పట్టింది, మూడు వారాలు, దాని కళ్లు ఎలా చూస్తున్నాయో చూసి కూడా చూడనట్టు. ఆఖరికి ఒక పొద్దున డంకన్ టోపీ తీసి గుమ్మం దగ్గర పెట్టి, తుపాకీ తీసుకుని, "రుణం మనది, నొప్పి దానిది ఎల్సీ. మూడు వారాలు ఆలస్యం చేశాం" అన్నాడు. ఆమె వెళ్లి దాని తల పట్టుకుని కూర్చుంది, చివరిదాకా చెవి వెనక నిమురుతూనే ఉంది. బొటనవేలికి నిన్నటి పుచ్చుకర్ర మెత్తదనం ఇంకా తెలుస్తోంది. బ్రెండన్ చేతికర్ర. ఇంకో పలక, ఇంకో కాలు, ఎవరిదో.

"ఏడో అంశం" అన్నాడు ట్రిస్టన్. కౌన్సిల్ ఆఫీసరు, పట్నం నుంచి వచ్చి ఏడాదైంది, మంచివాడు, బూట్లకు మట్టి అంటనివ్వడు. తీర్మానం చదివాడు. మూసివేతకు అనుకూలంగా మూడు చేతులు లేచాయి. వ్యతిరేకంగా మూడు. ట్రిస్టన్ కలం పట్టుకుని, మూసివేతకు అవునా కాదా అన్నట్టు ఎల్సీ వైపు తిరిగాడు. ఆమె నోరు తెరిచింది, మాట రాలేదు. గడ్డం ఒక్కటే కదిలింది. కిందికి, అర అంగుళం.

"మేయరు గారూ, మీ ఓటు?" అన్నాడు ట్రిస్టన్, అతనికి ఏమీ కనిపించలేదు. కానీ ఎదురుగా ముప్పై కుర్చీలు కిర్రుమన్నాయి. ముప్పై మందీ చూశారు. గ్లెనిస్ కళ్లు మూసుకుంది. కిటికీ పక్కన మెర్విన్ కుర్చీ పట్టుకుని మెల్లగా లేచాడు.

"ఈగేమన్నా వాలిందా ఎల్సీ?"

వెక్కిరింపు కాదు. దారి చూపిస్తున్నాడు, అప్పటిలాగే. ఇప్పుడు కూడా కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు. ఎల్సీకి కళ్లు చెమర్చాయి.

"ఈగ కాదు మెర్విన్."

"దయచేసి సభికులు..." అన్నాడు ట్రిస్టన్. మెర్విన్ అతని వంక చూడలేదు. చుట్టిన కాగితం ఎత్తాడు, గదంతా ఒకసారి కలియజూశాడు. "ఒకటోసారి" అన్నాడు, ఆ గొంతు ఇంకా ఉంది. ఎవరూ కదల్లేదు. "రెండోసారి." గ్లెనిస్ దగ్గర ఆగాడు, చాలాసేపు ఆగాడు, పాడేవాళ్లకు చివరి అవకాశం ఇచ్చినట్టు. గ్లెనిస్ కళ్లు తెరిచింది, తల కదపలేదు. "మూడోసారి." కాగితం అరచేతిలో టప్‌మంది. ఇది ఏ నిబంధన కిందికి వస్తుందోనని ట్రిస్టన్ పుస్తకం తిరగేస్తున్నాడు.

"మూసివేతకు నా ఓటు, రాసుకో ట్రిస్టన్" అంది ఎల్సీ, ఇప్పుడు మాట బాగానే వచ్చింది. "ఇంకోటి కూడా రాయి. ముప్పై ఏడేళ్ల కిందట, ఫిబ్రవరిలో, ఆ సంతలో మా పొట్టేల్ని కొన్నవాళ్ల పేర్లు. ఆల్బీ ట్రెవిన్."

"మేయరు గారూ, ఈ అంశానికీ దానికీ సంబంధం..."

"ఉంది. రాయి."

ఒక్కొక్కటే చెప్పింది, గిన్నెలు తోమేటప్పుడు చెప్పుకునే వరసలోనే, చివరి పేరు కాన్ మరినోస్. తండ్రి పేరు వినగానే గ్లెనిస్ మొదటిసారి ఇటు చూసింది, చూసి చేతిరుమాలు తీసింది. బతికున్న ఏడుగురిలో నలుగురు అక్కడే ఉన్నారు, తమ పేరు రాగానే ఒక్కొక్కడూ తలెత్తి పైకప్పు వంక చూశాడు, అక్కడ మబ్బులున్నాయేమో వెతుకుతున్నట్టు. చూసుకోనీ, ఈసారి వదలదు, రికార్డులోకి ఎక్కాక ఎవడు తిప్పికొడతాడు.

"ఇవి పద్దెనిమిది. పందొమ్మిదోది ఎవరో నాకు తెలీదు. పేరు చెప్పలేదు, వీపు మీద గీత పెట్టలేదు. ఎవరైనా సరే, ఆయనకి థాంక్స్. ఆ రోజు మేము ఊరొదిలి పోయేవాళ్లం. పోలేదు. ఇక్కడే బతికాం, బాగా బతికాం. థాంక్స్."

మెర్విన్ చేతిలో కాగితం చుట్ట ఇటూ అటూ తిప్పి, కిటికీ వైపు తిరిగాడు.

"వానొచ్చేట్టుంది" అన్నాడు.

ఎల్సీ కిటికీలోంచి చూసింది. ఆకాశంలో ఒక్క మబ్బు తునక లేదు.

"రాసుకో ట్రిస్టన్" అంది. "పందొమ్మిది, మెర్విన్ హాలరన్."